నాన్నకి ఫోన్‌లో చెప్పిన జబ్బు పేరు

మా చిన్నప్పుడు... ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్స్‌లో ఫోన్ మోగితే ఆడవాళ్ళందరిదీ ఒకటే మాట... "సబ్ ఠీక్ హై." సరిహద్దులో ఉన్న మనిషికి ఇంటి బెంగ పెట్టకూడదని కట్టుబాటు. కొంప కూలినా సరే, అంతా బాగానే ఉందనాలి!

మాది శ్రీకాకుళం వైపు. నాన్నకి మంచుకొండల్లో డ్యూటీ. అమ్మకి హిందీ అంతంతమాత్రం, ఇంగ్లీషు అసలే రాదు. ఆ చలికాలం అమ్మ చేతుల మీద దెబ్బ తగలకుండానే నల్లని మచ్చలు... పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం. ఐదో క్లాసు చదివే నేనే ఆస్పత్రిలో అమ్మకి దుబాసీని.

డాక్టరుగారు చెప్పిన జబ్బు పేరుకి... అబ్బ, నా నోరు తిరిగితే ఒట్టు! వార్డులో నర్సు దీదీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో పలుకుకీ చప్పట్లు కొట్టించింది. థ్రాం... బో... సై... టో... పీ... ని... యా. "'పీ' దగ్గర జోర్ సే, బేటా!" అని గట్టిగా పలికించింది. తర్వాత ముక్కలు విడదీసింది. థ్రాంబో అంటే నెత్తురు గడ్డ. సైటో అంటే కణం. పీనియా అంటే తక్కువ. రక్తాన్ని గడ్డకట్టించే కణాలు అమ్మలో తగ్గిపోయాయట. అప్పుడు నాకు భయం వేసింది.

ఆదివారం పక్కింటి ఆంటీ వాళ్ళ ఫోన్‌కి నాన్న చేశారు. అమ్మకి లేచే ఓపిక లేదు. "జొరమని సెప్పు. ఇంకేటీ సెప్పకు," అని నన్ను పంపింది.

"అమ్మలూ, అమ్మకేటైంది?" అన్నారు నాన్న.

జ్వరమని అనలేకపోయాను. ఆ పేరంతా చెప్పేశాను.

"ఏటమ్మా? నిమ్మళంగా సెప్పు."

ముక్కముక్కగా, అర్థంతో సహా చెప్పాను. ఆంటీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అటు నుంచి నాన్న "వస్తన్నాను" అన్నారు. నాన్న నోట ఆ పేరు వినగానే అక్కడి ఆర్మీ డాక్టరుగారే సెలవు ఇప్పించారట.

నాన్న వచ్చేసరికి అమ్మని ఆస్పత్రిలో చేర్చారు. వార్డు గుమ్మంలో నాన్నని చూసి అమ్మ ముందు నన్నే తిట్టింది. ఆ తర్వాత ఆయన స్వెటరు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మా అమ్మ అలా ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

అమ్మ ఆ చలికాలం దాటలేదు.

ఇప్పుడు ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా అమ్మాయి ఏ జబ్బు పేరు కొట్టినా ఫోనే పలికి వినిపిస్తుంది. సరిహద్దు నుంచి వీడియో కాల్స్ కూడా వస్తున్నాయి... "అంతా బాగానే ఉంది" అనడం మాత్రం మన ఇళ్ళల్లో పోలేదు.

మీకూ చిన్న వయసులోనే ఇంత పెద్ద మాట చెప్పాల్సి వచ్చిందా? వచ్చి ఉంటే రాయండి... ఆ రోజు నేను జ్వరమని ఊరుకుంటే, నాన్నకి అమ్మ చివరి చూపు దక్కేది కాదు.