సగందున్న

పాకాలకు పడమటి పక్క, గుట్టల అంచున ఉన్న పల్లెలో వనజాక్షికి మనుషుల కంటే గొడ్లతోనే ఎక్కువ మాట. పెళ్ళయిన మూడో ఏడే మొగుడు పాము కరిచి పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. తమ్ముడు మునీంద్ర పశువుల కొట్టం పక్కన ఒక గది చూపించాడు. అప్పటినుంచి ఇరవై రెండేళ్ళు, తెల్లారితే మందను గుట్టకు తోలడం, పొద్దు వాలితే ఇంటికి మళ్ళించడం. ఆమె తినే కూడు ఆ పని మీదే వస్తోందని మరదలు వారానికొకసారైనా గుర్తు చేసేది.

ఒక ఎండాకాలం మందలోని బూడిదరంగు మైలావు తప్పిపోయింది. పదకొండు రోజులకు వెదురు పొదల్లో దొరికింది, అడవిదున్నల గుంపు వెనకాల మేస్తూ. అక్కడ కట్టిన చూలు తొమ్మిది నెలలు దాటి పదో నెలలో పడింది. ఈనేనాడు దూడ తల బయటికొచ్చి భుజాల దగ్గర ఇరుక్కుంది. అక్కాతమ్ముళ్ళిద్దరూ తాడు కట్టి లాగారు. దూడ వచ్చింది. ఆవు మళ్ళీ లేవలేదు.

మునీంద్ర చేతులు కడుక్కుంటూ, "తల్లిని మింగి పుట్టింది ఇది. గుట్టకు తోలేయక్కా, నక్కలు సూసుకుంటాయి" అన్నాడు.

"నిలబడను కాళ్ళు రాలేదు దానికి, యాడికి తోలేది?" అంది వనజాక్షి. వేరే ఆవు పాలు సీసాలో పట్టి పెంచింది.

పుట్టినప్పుడు పసుపు కలిసిన ఎరుపు. ఏడాదికి ముదురు గోధుమరంగు తిరిగింది, మోకాళ్ళ కింద మాత్రం సున్నం పూసినట్టు తెలుపు. వీపు మీద గట్టులాగా ఎముక లేచింది. ఊళ్ళోవాళ్ళు సగందున్న అన్నారు, అదే పేరైపోయింది. నాలుగేళ్ళకు దాని మూపు వనజాక్షి తలకంటే ఎత్తు. వరిగడ్డి ముట్టేది కాదు. వెదురు మొలకలు, చెట్ల బెరడు, ముళ్ళకంప చిగుళ్ళు కావాలి. మధ్యాహ్నమంతా నీడలో కదలకుండా నిలబడి, ఎండ తగ్గాక మేసేది. అంబా అని అరవడం దానికి రాదు. అడవిదున్నలాగా బుస కొట్టడమూ రాదు. గొంతులో రాయి దొర్లినట్టు ఒక చప్పుడు, అంతే. ఉప్పంటే ప్రాణం. వనజాక్షి అరచేతిలో రాళ్ళుప్పు పోసి చాపితే ఆ పర్వతమంత తల వంచి, చెయ్యి అదరకుండా నాకేది.

ఒకసారి తనంతట తానే అడవిదున్నల దగ్గరికి పోయింది. మూడో రోజు తొడ చీలి, కుంటుకుంటూ వచ్చింది. గుంపు కొమ్ములతో తరిమికొట్టింది. ఊరి ఆవులు దాని వాసనకే పలుపులు తెంపుకునేవి. తిరుపతి నుంచి పూజిత అనే, పశువుల డాక్టరు చదువు చదివే పిల్ల వచ్చి నెత్తురు, పేడ పట్టుకుపోయి, తర్వాత చెప్పింది: "దీనికి దూడలు పుట్టవమ్మా. ఈ జాతి దీంతోనే సరి."

"నాకు మాత్రం ఎవరు పుట్టినారు?" అంది వనజాక్షి. ఆ పిల్ల సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

మామిడి మాగే రోజుల్లో అడవిపందులు మునీంద్ర తోటను గుల్ల చేశాయి. అతను మాగిన పండ్లలో నాటుబాంబులు కూరి గట్టు పక్కన పెట్టాడు. అక్కతో చెప్పలేదు. పొద్దున తొమ్మిది గంటలకు గట్టు దగ్గర పేలిన చప్పుడు విని వనజాక్షి పరుగెత్తింది. సగందున్నకు కింది దవడ లేదు. తెగిన నాలుక కిందికి వేలాడుతోంది. అది పారిపోలేదు. ఆమె వెనకాలే నడిచి ఇల్లు చేరి, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది.

"పందికి పెట్టినానక్కా, దీనికి కాదు" అన్నాడు మునీంద్ర. "ఎవరైనా అడిగితే బాంబు మాట ఎత్తొద్దు. నా పిల్లోళ్ళు రోడ్డున పడతారు."

ఆమె పశువుల డాక్టరు దగ్గరికి పోయింది. "అది అడవి జంతువమ్మా, ఫారెస్టోళ్ళు రాసిస్తేనే నేను సూది వేసేది" అన్నాడు ఆయన. అక్కడినుంచి అడవి శాఖవాళ్ళ దగ్గరికి పోయింది. "మీ ఇంట్లో పుట్టింది, మీ గొడ్డు. మాకేం సంబంధం?" అన్నారు వాళ్ళు. రెండు రోజులు బస్సుల్లో అటూ ఇటూ తిరిగింది. మూడో రోజు గాయంలో పురుగులు తిరుగుతున్నాయి. నీళ్ళ తొట్టిలో మూతి ముంచుతుంది, ఒక్క గుక్కా లోపలికి పోదు. ఊరి జనం వచ్చి ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. ఎవరో దాని ముందు అరటిపండు విసిరి నవ్వారు.

నాలుగో రోజు పొద్దున్నే వనజాక్షి కట్టెలు కొట్టే గొడ్డలి తెచ్చింది. "దీన్ని నువ్వు సంపరా, నీకు శాతనయినంత బలంగా కొట్టు. నాకు బలం సాలదు" అని తమ్ముణ్ణి అడిగింది. మునీంద్ర లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

వనజాక్షి ఎడమ చేతిలో ఉప్పు పోసుకుని చాపింది. తెగిన నాలుకతో నాకలేకపోయినా అది తల వంచింది. ఉప్పు వదిలేసి, రెండు చేతులా గొడ్డలి ఎత్తి, దాని మొద్దు వైపుతో కొమ్ముల మధ్య కొట్టింది. అది మోకాళ్ళ మీద కూలబడింది గానీ చావలేదు. ఆమె వైపే చూస్తోంది. రెండో దెబ్బ జారి కన్ను పోయింది. మూడో దెబ్బకు ప్రాణం పోయింది.

మధ్యాహ్నానికి అడవి శాఖ జీపు వచ్చింది. బాంబు సంగతి బయటపడుతుందేమోనని మునీంద్ర భయపడి తానే ఫోన్ చేశాడు, అక్క అడవిదున్నను నరికిందని. బతికుండగా ఇంటి గొడ్డన్నవాళ్ళే, చచ్చాక అడవి జంతువని రాసుకున్నారు. "దవడ ఎట్లా పోయింది, అది రాసుకోండి సామీ" అని వనజాక్షి అడుగుతూనే ఉంది. ఎవరూ రాసుకోలేదు.

చిత్తూరు జైల్లో నలభై ఆరు రోజులు ఉంది. మునీంద్ర ఒక్కసారీ రాలేదు. కోర్టువాళ్ళు పెట్టిన లాయరు బెయిలు తెచ్చాక ఇంటికి పోతే ఆమె గదిలో ఎరువు మూటలున్నాయి. మంద అమ్ముడైపోయింది.

"నువ్వీడ ఉంటే కేసు నా మెడకు సుట్టుకుంటాదక్కా" అన్నాడు తమ్ముడు, ముఖం పక్కకు తిప్పుకుని. మరదలు ఆమె రెండు చీరలు సంచిలో పెట్టి వాకిట్లో ఉంచింది.

ఇప్పుడు పూతలపట్టు దాటాక ఒక మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో కుళ్ళిన పండ్లు ఏరుతుంది. సీజను అయిపోతే రోడ్డు పక్క హోటల్లో అంట్లు తోముతుంది. నెలకొకసారి వాయిదాకు పోతుంది. పోయినసారి జడ్జి నేరుగా ఆమెనే అడిగాడు: "ఏమ్మా, చంపింది నువ్వేనా?"

"నేనే సంపినాను సామీ" అంది. "మూడు దెబ్బలు పట్టింది. ఒక్క దెబ్బకు సంపలేకపోయినాను."

లాయరు తల పట్టుకున్నాడు. జడ్జి తర్వాతి తారీఖు చెప్పాడు. వనజాక్షి బయటికొచ్చి, కొళాయి దగ్గర ముఖం కడుక్కుని, బస్టాండు వైపు నడిచింది.