నడిమి సాలు

మంగళవారం పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మొదలైంది ఇది. ఆ నిమిషాన మా మనవరాలు కావ్య ల్యాప్‌టాప్‌లో, ఆమె పేరు పక్కనున్న ఆకుపచ్చ చుక్క పసుపు రంగుకు మారింది. ఏడో నెలలో, మొదటి కాన్పుకని నారాయణఖేడ్‌కు మా ఇంటికి వచ్చిన పిల్ల మూత్రానికి లేచి పెరట్లోకి పోయింది, అంతే. హైదరాబాదులోని ఒక కంపెనీకి ఆమె ఇంటి నుంచే పనిచేస్తుంది. వస్తువులు కొన్నవాళ్ళు ఏదైనా అడిగితే టైపు చేసి జవాబివ్వడం పని. ఐదు నిమిషాలు మీటలు నొక్కకపోతే చుక్క పసుపవుతుంది. తిండి వేళ కాక రోజులో పసుపు ఇరవై నిమిషాలు దాటితే పైనుంచి ఫోన్ వస్తుంది. ముప్పై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, గోడ గడియారం చూసి కాగితం మీద రాసుకున్నాను: పోయి రావడానికి ఏడు నిమిషాలు. తిరిగొచ్చి కూర్చున్న పిల్ల నీళ్ళ సీసాను చేతికందనంత దూరం జరిపింది.

"అదేందే, నీళ్ళెందుకు జరిపినవు?"

"తాగితే మల్ల లెవ్వాలె గద అమ్మమ్మా."

కడుపుతో ఉన్న మనిషి నీళ్ళకు భయపడడం డెబ్బై ఆరేళ్ళకు మొదటిసారి చూశాను.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మ కూడా ఏడో నెల కడుపుతో పనికి పోయేది. మృగశిర వానలు పడి జొన్నచేలు మోకాలెత్తు లేచేసరికి, మనూర్ దారిలోని పటేల్ చేనుకు పద్నాలుగు మంది ఆడవాళ్ళు కలుపుకు పోయేవాళ్ళు. నల్లరేగడి తడిసి కాళ్ళకు చెప్పుల్లా అంటుకునేది, కుర్పితో గీకిన గరిక పచ్చివాసనా, పక్కసాళ్ళలోని కందిమొక్కల వాసనా, తలల మీద కప్పుకున్న గోనెసంచుల తడివాసనా కలిసి ముక్కులో నిండేవి. మధ్యాహ్నం గట్టు మీద మూటలు విప్పితే జొన్నరొట్టెలు, కుసుమనూనె పోసిన కారం, పుంటికూర, చేత్తో చితగ్గొట్టిన ఉల్లిగడ్డ. నాగుల పంచమి దగ్గరపడితే ఎవరో ఒకరి కొంగులో జొన్నపేలాలుండేవి, మేము చర్చికి పోయే మిషన్ బడి పిల్లలమైనా మా ఒళ్ళోనూ ఇన్ని పడేవి. పేలాలు నములుతూ నేను మొక్కలు లెక్కపెట్టేదాన్ని.

ఆ లెక్కలోనే నాకు ఒక సంగతి తెలిసింది. పద్నాలుగు మందీ పద్నాలుగు సాళ్ళు పట్టి ఒక్క వరుసగా కదిలేవాళ్ళు. వాళ్ళలో కడుపుతో ఉన్నదానికో, బాలింతకో, జ్వరమొచ్చి లేచినదానికో నడిమి సాలు ఇచ్చేవాళ్ళు. మా అమ్మ సాలులో పది మొక్కలుంటే నాలుగింటి చుట్టే ఆమె కలుపు తీసేది. మూడు కుడిపక్కావిడ, మూడు ఎడమపక్కావిడ తమ సాళ్ళతో పాటే గీకేసేవాళ్ళు. అందుకే వరుస ఎక్కడా వంకర పోయేది కాదు. నీళ్ళకుండ వరుస వెంట గట్టు మీద నడిచేది, మొదటి చెంబు నడిమి సాలుకు. ఎవరూ ఎవరికీ మేలు చేశామనుకోలేదు. వచ్చే ఏడు ఆ నడిమి సాలు ఇంకొకరిది.

ఆ కాలం బంగారమని నేననను. ఎండకు వాంతి చేసుకున్న మనిషిని కూడా పొద్దుగూకేదాకా ఇంటికి పంపని కాలం అది. పటేల్ పెద్ద జీతగాడు సంగప్పకు ఈ వరుస మీద అనుమానం వచ్చి, ఒకరోజు పద్నాలుగు పుల్లలు తెచ్చి ఒక్కో సాలు మొదట్లో ఒక్కటి గుచ్చాడు.

"ఇయ్యాల్టి సంది ఎవరి సాలు వాళ్ళే తియ్యాలె. ఎనకబడ్డది రేపు రావద్దు," అన్నాడు.

అమ్మ కుర్పి పట్టుకున్న చెయ్యి ఆగడం చూశాను. అందరికన్నా పెద్దది తుల్జమ్మ, నడుము కూడా ఎత్తకుండా అంది:

"ఏం సంగప్పా, పుల్లలు నాటుతున్నవు? ఇన్ని నీళ్ళు గూడ పొయ్, చిగురు పెడ్తయేమో!"

ఆ రోజు కూడా పద్నాలుగు మందీ ఒక్కసారే అవతలి గట్టెక్కారు. ఎవరి సాలు ఎవరు తీశారో చెప్పమని సంగప్ప అరిచాడు. "సాలునే అడుగు, నీతోని మాట్లాడ్తదేమో," అంది తుల్జమ్మ. నవ్వులకు కొంగలు లేచాయి. మరునాడు పుల్లలు లేవు. అమ్మ తొమ్మిదో నెల దాకా ఆ నడిమి సాలులోనే ఉంది.

బుధవారం నేను కావ్యను అడిగాను: నీ పక్కమ్మాయి నీవి రెండు జవాబులు రాయరాదా అని.

"పక్కన ఎవలున్నరు అమ్మమ్మా? పదకొండు మందిమి ఉన్నమంటరు. ఒక్కదాని మొఖం గూడ చూడలే. నాది ఒకటి తగ్గితే వాళ్ళది ఒక మెట్టు ఎక్కుతది."

మెట్టు అంటే తెరమీద పేర్ల వరుస. పోయిన నెల కావ్యే అందులో మొదటిది. బిడ్డకు జ్వరమొచ్చి ఎవరో పిల్ల కిందికి జారితే ఈమె పైకెక్కిందట. ఆ రోజు మా వీధంతా కోవా పంచింది నేనే. అది తలుచుకుంటే నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

గురువారం పైనుంచి ఫోన్ వచ్చింది. లాక్కున్నాను.

"ఏడో నెల నాయనా ఆ పిల్లకు. నీళ్ళు తాగొద్దా?"

"సిస్టమ్‌ల అట్లనే వస్తది మేడమ్. నా చేతుల ఏం లేదు. నాకు గూడ చుక్కుంటది."

ఐదు నిమిషాలని ఆ యంత్రానికి చెప్పిన మనిషిని ఒక్కసారి చూడాలని ఉంది నాకు. సంగప్ప గట్టు మీద నిలబడేవాడు. తిడితే వినబడేది, నవ్వితే సిగ్గుపడేవాడు. వీడెక్కడ నిలబడ్డాడు? ఎవరి ముందు నవ్వాలి?

శుక్రవారం పొద్దున కావ్యకు చలిజ్వరం, మూత్రంలో మంట, నడుము పట్టుకుని లేవలేకపోయింది. దవాఖానలో డాక్టరమ్మ కాగితాలు చూసి, "నీళ్ళు తాగిస్తలేరా? ఇట్లయితే నెలలు నిండకుండనే కాన్పయితది," అని నా మీద అరిచింది. అరవనీ, న్యాయమే. సెలైన్ సీసా పెట్టారు. శనివారం ఫోన్‌లో మెసేజ్ వచ్చింది, రెండు వాక్యాలు: ఆమె స్థానం వేరేవారికి ఇచ్చారట, ల్యాప్‌టాప్ తిప్పి పంపాలట.

కడుపులో బిడ్డ క్షేమం. పోయినవి రాస్తున్నాను. ఉద్యోగం, ఒకటి. దవాఖానలో పడుకున్న రోజులు, నాలుగు. కావ్యను తీసేస్తే ఆ పనిలో తోటివాళ్ళు, పదిమంది. ఆ నాలుగు రోజుల్లో ఎట్లున్నవని అడిగినవాళ్ళు, సున్న. అడగాలనుకున్నా, ఆమె ఫోన్ నంబరు తెలిసినవాళ్ళు, సున్న.