చప్పుడు లేని పోటు

పెదనాన్న చెన్ దఖ్వై షియాన్ నగరం నుంచి ఊరికి వచ్చాడని తెలియగానే సుచిన్ చేతిలో పని ఆపేసింది. ఆయన చుట్టపుచూపుగా రాలేదు. ఊళ్లో ఎవరి తాయ్‌చీ యుద్ధవిద్య అసలైనదో, ఎవరిది దారి తప్పిందో తేల్చడానికి వచ్చాడు. సుచిన్‌కు తన పేరు గురించి దిగులు లేదు. చనిపోయిన నాన్నకు నలుగురిలో మాట పడుతుందేమోనని భయం.

ఆ సాధనలో రోలు దంచడమనే భంగిమ ఒకటుంది. పిడికిలి అరచేతిలో పడుతూనే కాలు నేల అదిరేలా పడాలి; దాన్నే పోటంటారు. సుచిన్‌ కాలికి ఆ చప్పుడే తెలియదు. తాయ్‌చీ చేసినవాళ్ల మెడలో పాత విద్యలు నేరమంటూ పలక వేసి ఊరంతా తిప్పిన రోజుల్లో, నాన్న ఆమెకు గింజల గదిలో గడియ పెట్టి నేర్పాడు. గోడకు అవతల జాంగ్ లావ్‌గెన్ ఇల్లు. అప్పట్లో ఊరిమీద పెత్తనమంతా ఆయనదే. "పిల్లిలా వెయ్యమ్మా అడుగు. చప్పుడైందా, మన పని సరి" అనేవాడు నాన్న.

పాత గోదాములో అందరూ చేరారు. లావ్‌గెన్ తలుపు పక్కనే పీట వేసుకుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నాడు. సుచిన్ మొదలుపెట్టింది. రోలు దగ్గరికి రాగానే పెదనాన్న చెయ్యెత్తాడు.

"ఆగవే. పోటేదీ?"

ఆమె పిడికిలి దించింది. పెదనాన్నే మళ్లీ అందుకున్నాడు.

"మా నాన్న చెయ్యి ఛాతీ దగ్గర ఆగేది. నేను భుజం దాకా లేపాను. మనిషికో తీరు, కాదనను. పోటు లేని రోలేంటే? మా తమ్ముడు సగం నేర్చి సగం మింగేశాడు!"

"దూది దంచుతోందండీ!" అన్నారెవరో. గోదాము గొల్లుమంది.

సుచిన్ కారణం చెబితే నాన్న పరువు నిలబడుతుంది. కానీ ఆ కారణం తలుపు పక్కనే కూర్చుని ఉంది. లావ్‌గెన్‌కు ఇప్పుడు ఏ పదవీ లేదు, అయినా ఆయన దగ్గితే ఈమెకు వెన్ను చల్లబడుతుంది.

"పోటుంది. నేను విన్నాను" అన్నాడు లావ్‌గెన్.

అందరూ అటు తిరిగారు.

"గోడకి చెవి ఆనించి వినేవాణ్ణి. అడుగు పడాల్సిన చోట తండ్రీకూతుళ్ల ఊపిరి ఆగిపోయేది. నేనూ బిగబట్టేవాణ్ణి. మా ఆవిడక్కూడా చెప్పలా. తెలిసీ నోరు మూసుకున్నానని బయటపడితే నా మెళ్లోనూ పలకే కదా!"

ఆయనకు దణ్ణం పెట్టాలి నిజానికి. సుచిన్‌కు మాత్రం కాలు ముందు ఒక అడుగు వెనక్కి పడింది. ఇన్నేళ్లూ ఆ గోడకు చెవి ఉందన్నమాట.

పెదనాన్న ఆమెతో మళ్లీ చేయించి, కళ్లు మూసుకుని విన్నాడు. పోటు పడాల్సిన చోట ఆమె ఊపిరి ఆగింది.

"వాడు మరిచిపోలేదు. దాచాడు" అన్నాడు. "ఇప్పుడు వెయ్యవే గట్టిగా, పిచ్చిదానా. ఎవరున్నారు నిన్నడగడానికి?"

ఆమె కాలెత్తింది. అది మెత్తగానే దిగింది.

"అదెలా ఆపుతున్నావే?" అంటూ ఆయనే ముందుకొచ్చాడు. పంతంగా కాలెత్తి, చప్పుడు లేకుండా దించబోయాడు. దబ్బుమంది. దూలం మీది దుమ్ము రాలింది.

సుచిన్ అదిరిపడి తలుపు వైపు చూసింది. లావ్‌గెన్ అప్పటికే లేచి, చప్పుడు బయటికి పోకుండా తలుపు మూసేస్తున్నాడు.