మొగులప్ప తొవ్వ పని

ఆగిపోయిన స్కూటర్‌ను చూడగానే మొగులప్ప పానా తీయడు. "ఏడిదాక?" అని అడుగుతాడు. జవాబు వచ్చేదాకా బండిని వేలితో కూడా ముట్టడు. వచ్చాక, సరిగ్గా అంత దూరానికి సరిపోను రిపేరు చేస్తాడు. కంగ్టి అంటే కంగ్టి దాకా. కల్హేర్ అంటే కల్హేర్ దాకా. ఆపైన ఒక్క ఫర్లాంగు నడిచినా అది స్కూటర్ మంచితనమే తప్ప మొగులప్ప పూచీ కాదు.

నారాయణఖేడ్ శివార్లో, రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ గట్టు మీద ఒక నల్ల గొడుగు, ఒక రేకు డబ్బా, ఒక పాత మోపెడ్. ఇదే ఆయన కార్ఖానా. డబ్బాలో కొత్త సామాను అన్నది కనబడదు. బట్టల సబ్బు ముక్కలు, ఖాళీ అగ్గిపెట్టెలు, సైకిల్ ట్యూబు పేలికలు, ఎవరో పారేసిన బల్బు హోల్డర్లు ఉంటాయి. పెట్రోలు ట్యాంకు కారుతుంటే సబ్బు నలిపి మెత్తుతాడు. కల్హేర్ సంతకైతే అర ముక్క, కంగ్టికైతే మొత్తం ముక్క. ప్లగ్గు నల్లబడితే అగ్గిపెట్టె పక్కకు రుద్దుతాడు. దగ్గరి ఊరికి పది రుద్దులు, దూరపు ఊరికి ముప్పై. ట్యూబు చినిగి పేలికలైతే టైరు నిండా ఎండుగడ్డి కుక్కి పంపిస్తాడు. క్లచ్ తీగ తెగితే ఊరి దూరాన్ని బట్టి ముడి వేస్తాడు. కొడుకులిద్దరూ కందులు పండిస్తారు కాబట్టి తిండికి లోటు లేదు. ఎవరైనా పైసలు ఇవ్వబోతే కోపం వస్తుంది.

"పూర్తి పని మెకానిక్‌ది. నాది తొవ్వ పని. తొవ్వ చూపినోడు పైసలు అడుగుతడా?"

చిక్కల్లా ఆ ప్రశ్నతోనే. బయల్దేరినవాణ్ని ఎక్కడికని అడిగితే పోయిన పని కాదని ఊరి నమ్మకం. మొగులప్పకు ఆ పట్టింపు లేదు. కిష్టప్ప ఒకరోజు ఎద్దును బేరమాడటానికి పోతూ మోరీ దగ్గర ఆగిపోయాడు.

"ఏడిదాక?"

"అడిగినవా! పొద్దుగాల పొద్దుగాల పని ఖరాబ్ చేసినవ్ గదా మొగులన్నా!"

కిష్టప్ప స్కూటర్‌ను అక్కడే వదిలి ఇంటికి నడిచి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, కొత్తగా బయల్దేరి వచ్చాడు.

"ఏడిదాక?"

మళ్లీ ఇల్లు, మళ్లీ చెంబెడు నీళ్లు. మూడోసారికి కిష్టప్ప నడుస్తుంటే కడుపులో బిందె కదిలిన చప్పుడు.

"గీడికే, గీ పక్కకే!" అన్నాడు పళ్లు నూరుతూ.

గీడికి సరిపోను రిపేరు జరిగింది. ఊరు దాటి రెండు మైళ్లు పోయాక స్కూటర్ నిలబడిపోయింది. పావుగంట కాకముందే మోపెడ్ మీద మొగులప్ప ప్రత్యక్షం.

"నేను అడగలే?"

అబద్ధం చెప్పిన ప్రతివాడికీ ఇదే అనుభవం. ఎక్కడ ఆగితే అక్కడికి వస్తాడు, "నేను అడగలే?" అంటాడు, ఇంకో ముడి వేసి పంపుతాడు. వెక్కిరించడానికే వస్తాడని అందరి గట్టి నమ్మకం. ఆయన నాలుక మీద మచ్చ ఉందని కిష్టప్ప ప్రచారం. చూశావా అంటే, చూడాలంటే ఆయన నోరు తెరవాలి, తెరిస్తే ఏడిదాక అంటాడు, అందుకే చూడలేదన్నాడు.

హైస్కూల్లో సైన్సు చెప్పే శివరాజ్‌కు మచ్చల మీద నమ్మకం లేదు. ఒకరోజు నిలదీశాడు.

"క్లచ్ తీగకు కిలోమీటర్లు ఎట్ల తెలుస్తయ్ కాకా?"

"తీగకు తెల్వదు సారూ. నాకు తెలుసు. కల్హేర్ తొవ్వల గేరు ఎన్నిసార్లు మార్చాలె, ఎన్ని గుంతలల్ల పడాలె, లెక్క ఉంటది గదా."

శివరాజ్ ఇంటికొచ్చి కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. క్లచ్ తీగ తెగేది దూరం వల్ల కాదు, ఎన్నిసార్లు లాగామన్నదాన్ని బట్టి. ఎన్నో ఏళ్లుగా మోరీ గట్టు మీద కూర్చుని ఒక మనిషి ఈ లెక్క నోటితో చేస్తున్నాడు! ఆ మర్నాడు పదో తరగతి పాఠంలో న్యూటన్ పక్కన మొగులప్ప పేరు కూడా వినబడింది.

రెండువేల ఆరు ఏప్రిల్ నాటికి శివరాజ్‌కు వేరే లెక్క పట్టుకుంది. కూతురికి పద్నాలుగు నెలలు. ఇంకా నిలబడటం లేదు. ఏ నెలలో పిల్లలు ఏం చేయాలో రాసిన పట్టికను బీరువా తలుపుకు అంటించి, రోజూ పాపను దాని ముందు కూర్చోబెట్టేవాడు. పాప ఆ కాగితాన్ని తినడానికి చూసేది. దవాఖానలో డాక్టరు, "పద్దెనిమిది నెలలదాకా ఆగుదాం, తొందరేం లేదు," అన్నాడు. ఆగడం ఒక్కటే శివరాజ్ చదువుకోని సబ్జెక్టు.

"బోరంచ నల్లపోచమ్మకు మొక్కుకుందాం," అంది భార్య దుర్గాభవాని.

రెండు వారాలు కాదన్నాడు. మొక్కుతో కాళ్లు రావని క్లాసులో చెప్పిన వారంలోనే ఒప్పుకున్నాడు. ఒక్కటే షరతు. ఈ సంగతి నరమానవుడికి తెలియకూడదు.

ఆదివారం పొద్దున ముగ్గురూ బయల్దేరారు. సరిగ్గా మోరీ ముందుకు రాగానే క్లచ్ తీగ పుటుక్కున తెగింది.

"ఏడిదాక సారూ?"

"పెట్రోల్ బంకు దాక."

మొగులప్ప దుర్గాభవాని చేతిలోని బుట్ట వైపు చూశాడు. బుట్టలోంచి కొబ్బరికాయ ఆయన వైపు చూసింది.

"బంకు దాకనేనా?"

"బంకు దాకనే."

బల్బు హోల్డర్‌లోంచి చిన్న ఇత్తడి ముక్క ఊడదీసి, తెగిన తీగ కొసకు మర బిగించాడు. "బంకు దాక వస్తది," అన్నాడు.

బంకు దాటింది. అక్కడి నుంచి శివరాజ్ క్లచ్ ముట్టుకోలేదు. ఎత్తులో, పల్లంలో, గేదెల మధ్యలో కూడా అదే గేరు.

"ఏందిది! బిడ్డ ఎగిరి పడుతున్నది!"

"గేరు మారిస్తే తీగ తెగుతది!"

"అయితే నిజం చెప్తే ఏం పోయింది?"

శివరాజ్ హ్యాండిల్‌ను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. రెండువైపులా కోసేసిన చేలు, మధ్యలో ఎండ. పాప నెత్తిన తడిగుడ్డ కప్పారు, అది పది నిమిషాల్లో ఆరిపోయింది. ఇక్కడ ఆగితే బిడ్డను ఏ నీడన పెట్టాలి? బోరంచ చేరేసరికి శివరాజ్ చొక్కా పిండితే బిందె నిండేట్టుంది.

కొబ్బరికాయ కొట్టి, మొక్కుకుని బయటికి వచ్చారు. స్కూటర్ పక్కన ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నారు. మొగులప్ప! చేతిలో చుట్ట చుట్టిన కొత్త క్లచ్ తీగ.

దొరికిపోయానని శివరాజ్ తల దించుకున్నాడు. చిత్రం, మొగులప్ప కూడా దించుకున్నాడు.

"నువ్వేంది కాకా ఈడ?"

"నాది... నాది గూడ మొక్కున్నది సారూ."

దుర్గాభవాని నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "క్లచ్ తీగ మొక్కినవా అమ్మవారికి?"

మొగులప్ప చెవులు గోక్కున్నాడు. "తొవ్వల తెగితే బిడ్డ ఎండల ఉంటది గదమ్మా. ఎనకనే వచ్చిన."

శివరాజ్ తలలో ఏదో వెలిగింది. "అంటే అందరి ఎనక ఇట్లనే పోతవా?"

"అందరి ఎనక ఎందుకు పోత? నిజం చెప్పినోళ్లకు రిపేరు సరిపోతది. అబద్ధం చెప్పినోళ్లకు నేను సరిపోవాలె."

ఆగినవాళ్లకే ఆయన కనబడ్డాడు. ఆగకుండా ఇల్లు చేరినవాళ్ల వెనక ఎన్ని మైళ్లు వచ్చి, మాట్లాడకుండా మళ్లిపోయాడో ఎవరికి తెలుసు?

"ఊళ్లె చెప్పకు సారూ," అన్నాడు పానా తిప్పుతూ. "తెలిసిందంటే అందరు అబద్ధమే చెప్తరు. నా మోపెడ్ తట్టుకోదు."

"చెప్ప. మరి నేను బోరంచ వచ్చిన సంగతి..."

"ఏ బోరంచ సారూ? మీరు బంకు దాకనే వచ్చిండ్రు."

శివరాజ్ మాట నిలబెట్టుకున్నాడు. కాని ఎండలో ఆ పెద్దమనిషి తిరుగుడు తలుచుకుంటే అన్నం సహించలేదు. వారం తర్వాత చాయ్ హోటల్లో కిష్టప్ప మళ్లీ నాలుక మచ్చ సంగతి ఎత్తగానే, గొంతు సవరించుకున్నాడు.

"ఆయన అడిగితే ఏం కాదు కిష్టప్పా. అబద్ధం చెప్పి బయల్దేరితేనే పోయిన పని కాదు. బండి గూడ చెడిపోతది."

"ఎవరన్నరు సారూ?"

"నేనంటున్న."

సైన్సు సారే అన్నాడంటే ఇంకేముంది! అపశకునాలు లేవని ఆయన ఏళ్లుగా గొంతు చించుకుంటే నమ్మని ఊరు, ఈ ఒక్క అపశకునాన్ని ఒక్క పూటలో నమ్మింది. నెల తిరిగేసరికి మోరీ ముందు ఆగినవాళ్లు అడగకముందే చెప్పడం మొదలుపెట్టారు. కిష్టప్పయితే కల్హేర్‌లో అక్క ఇల్లు, అక్కడి నుంచి కంగ్టి, మధ్యలో చాయ్, వాపస్ వచ్చే వేళతో సహా అప్పజెప్పేవాడు.

పదహారో నెలలో పాప అడుగులు వేసింది. అమ్మవారి దయ అంది దుర్గాభవాని. శివరాజ్ డాక్టరు మాట గుర్తుచేసి, ఆమె చూపు చూసి పాపను ఎత్తుకున్నాడు. ఒక సాయంత్రం పాపను వేలు పట్టి నడిపిస్తూ మోరీ దాకా వచ్చాడు.

మొగులప్ప దిగులుగా ఉన్నాడు. "ఏమైందో సారూ, ఊరంత ఒక్కసారే నిజం మాట్లాడుతుండ్రు. నాకు తిరుగుడే లేకుండయింది. మోపెడ్‌కు తుప్పు పడుతున్నది."

"పడనీ కాకా," అన్నాడు శివరాజ్, ఎటో చూస్తూ.