థైరాయిడెక్టమీలో మిగిలేది

తుమకూరు ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ ఆ మాట నా నాలుక మీద కూర్చుని దిగనంటోంది. థై-రా-యి-డెక్-ట-మీ. అమ్మ మెడలో గడ్డ పెరిగింది, థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేయాలన్నాడు డాక్టరు. పక్కనే గొంతు నరం ఉందట, గొంతు మారినా మారవచ్చట. అది విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు.

మా అమ్మకు గొంతే బతుకు. బలసముద్రం దగ్గర సోలార్ ప్లాంటులో గడ్డి పెరిగితే గొర్రెల్ని లోపలికి తోలనిస్తారు. ప్యానెళ్ల కిందకి దూరాయంటే ఒక్కటీ కనిపించదు. మా వైపు ఒక్కో మందకి ఒక్కో పిలుపు. వేరే పిలుపుకి చెవి కూడా ఆడించవు. అమ్మ "హుర్రో... బా!" అంటే చాలు, బిలబిలమంటూ వచ్చేసేవి.

ఊళ్లో ఆపరేషన్ పేరు ఎవరూ ఎత్తరు, 'ఆ పని' అంటారు. పేరు పెట్టి పిలిస్తే రోగం పలుకుతుందని భయం. అమ్మ మాత్రం మొండికేసింది.

"కోసేది నా గొంతు. దాని పేరు నా నోటికి రావల్ల. చెప్పు పాపా."

విడగొట్టి చెప్పాను. ముందరిది గ్రంథి పేరు, చివరి 'ఎక్టమీ' అంటే కోసి తీసేయడం.

"తీసేసేది తెలిసె. మిగిలేది యాడుండాది దాంట్లో?"

"అట్లాంటి ముక్క లేదుమా."

"థూ, అదేం పేరు! సరే, నా పిలుపు నువ్వు నేర్చుకో."

ఆపరేషన్ దాకా ఆమె నా మాటనీ, నేను ఆమె పిలుపునీ పట్టుకుని వేలాడాం. నేను పిలిస్తే "నక్క కూసినట్టుండాది" అని నవ్వేది. నాకు ఒళ్లు మండేది. గొంతు పోతుందేమోనని నేను చస్తుంటే ఈమెకు నవ్వులా!

ఆపరేషన్ బాగానే అయింది, గొంతు మాత్రం గుసగుస అయిపోయింది. కుట్లు మానాక కూడా అంతే. మళ్లీ గొర్రెల్ని తోలుకెళ్లాం. సాయంత్రం ప్యానెళ్ల ముందు నిలబడి అమ్మ పిలిచింది. ఒక్కటీ రాలేదు. మళ్లీ పిలిచింది. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ మోచేత్తో నన్ను పొడిచింది. ఏడుస్తూనే నేను పిలిచాను.

"హుర్రో... బా!"

కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక ముసలి గొర్రె నీడలోంచి తల బయటపెట్టింది, దాని వెనకే మందంతా. నన్ను దాటుకుని పోయి అమ్మ కాళ్ల చుట్టూ చేరాయి.

అమ్మ నా గొంతు మీద చెయ్యి పెట్టింది.

"ఈడుండాది పాపా," అంది.