తాతయ్య రెండో చెవికి పన్ను

నా చిన్నప్పుడు మా మేనత్త తిరుత్తంగల్‌లోని ఒక అచ్చాఫీసులో క్యాలెండర్లకు రేకు బిగించేది. మా తాతయ్యకు రెండు చెవులూ వినిపించడం మానేశాక, ఆయనను చూసుకోవడానికి ఆ పని వదిలి నాగలాపురంలోని మా ఇంటికి వచ్చేసింది. జీతంలో నెలనెలా పట్టుకున్న పీఎఫ్ సొమ్ము తీసి తండ్రికి చెవి మిషన్లు కొనివ్వాలని ఆమె ఆశ. తన కష్టంతో ఆయనకు ఇచ్చే మొదటి కానుక అది.

సొమ్ము వచ్చింది, కాని పన్ను కింద కొంత కోతపడి వచ్చింది. విరుదునగర్ దుకాణంలో అది ఒక చెవికే సరిపోయింది. తాతయ్య దానికే మురిసిపోయాడు. అత్త మాత్రం మరునాడే నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి, నేరుగా అచ్చాఫీసు గుమాస్తా ముందు నిలబడింది. ఆ అరవ ఊళ్లో ఆయనా మన తెలుగు మాట్లాడేవాడే.

"నా దుడ్డు నేనెత్తి మా నాయనకిస్తే పన్ను ఏంటికి?"

"ఎవరికిచ్చినా అంతే అక్కా. ఐదేండ్లు నిండకముందే ఎత్తినావు. పన్ను కట్టేంత వరుమానం లేదని ఒక ఫారం రాసిచ్చింటే కోసుండరు."

"అది ముందే ఏంటికి చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు గదా."

ఆ మాటకు నా ఒళ్లు మండిపోయింది. ఉందని తెలియని ఫారం గురించి ఎవరైనా ఎలా అడుగుతారు? సంతకాలు పెట్టించుకునేటప్పుడు ఆయనకు నోరు లేదా?

అత్త గొంతు పెంచలేదు. బల్ల ముందు కూర్చుని, ఆ ఫారం సంగతీ, పోయిన పన్ను తిరిగి రాబట్టుకునే దారీ ఆయన చేతే అరవంలో కాగితం మీద రాయించింది. సాయంత్రం గేటు దగ్గర, పని వదిలి వస్తున్న ఆడవాళ్లను ఆపి దాన్ని చదివి వినిపించింది. తిరుగు బస్సులో నాతో అంది: "తెలీదని మనమేంటికి సిగ్గుపడాల పాపా? తెలిసీ చెప్పనోడు పడాల."

ఏడాది తర్వాత పన్ను సొమ్ము తిరిగి వచ్చింది, మిగిలిన డబ్బుకు దాన్ని కలిపి రెండో మిషన్ కొన్నాం. కాని ఆ ఏడాదంతా తాతయ్య సగం మాటలకు దూరంగానే బతికాడు. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

ఇప్పుడు నేను కోవిల్‌పట్టిలో మిల్లు పనికి పోతున్నాను. పీఎఫ్ కాగితం పట్టుకుని ఎవరు కనిపించినా, వాళ్లు అడిగేదాకా ఆగను. పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చెప్పాకే సంతకం పెట్టనిస్తాను.