గోవిందసామి అన్న నడుము

గోవిందసామి అన్న ఇక లేడన్న వార్త నాకు గాంధీపురం బస్‌స్టాండులో తెలిసింది. తిరుమంగళం బస్సు కోసం నిలుచుని ఉంటే పాత తోటి కార్మికుడొకడు ఎదురై చెప్పాడు. మొన్ననే నేను చూసి వచ్చిన మనిషి. ప్రయాణం మానుకుని సింగానల్లూరుకు వెళ్ళేసరికి దహనం ముగిసింది.

ఆ వారమే మిల్లువారు సంతాపసభ జరిపారు. మిల్లుకు కీర్తి తెచ్చిన మహాబలుడనీ, విధి వక్రించి నడుము దెబ్బతిన్నదనీ వేదికమీది పెద్దలు సెలవిచ్చారు. నేనూ మాట్లాడతానంటే సమయం లేదన్నారు. అక్కడ చెప్పనివ్వని మాట ఇక్కడ రాస్తున్నాను. విధికి ఇందులో ప్రమేయం లేదు.

అన్న మా మిల్లులో పత్తి బేళ్ళు విప్పే చోట పనివాడు. పని దిగాక మిల్లు వ్యాయామశాలలో బరువులెత్తేవాడు, మాచేత ఎత్తించేవాడు. ఆజానుబాహువు, మితభాషి. తన వంతు అయ్యాక భుజంమీది తువ్వాలుతో ఇనుపకడ్డీని శుభ్రంగా తుడిచి గానీ పక్కకు జరిగేవాడు కాదు. ఎందుకన్నా అని అడిగితే, "నా చెమటకి ఇంకొకడి చెయ్యి జారకూడదు కదప్పా" అన్నాడు. ఆయన బలంకన్నా నాకు ఆ తువ్వాలే ఎక్కువ గుర్తు.

మిల్లుల మధ్య పోటీలు దగ్గరపడిన రోజుల్లో అభ్యాసంలో ఆయన నడుము పట్టేసింది. బరువు ముట్టవద్దని డాక్టరు ఖండితంగా చెప్పాడు. పోటీనాడు లేబర్ ఆఫీసరు కబురు పంపించి పిలిపించాడు. నేను పక్కనే ఉన్నాను.

"నడుములో వలి ఉండాది సార్. ఎత్తేకి కాదు" అన్నాడు అన్న. నొప్పిని మేము వలి అనే అంటాము.

"ముదలాళి చుట్టాలంతా వచ్చి కూచోనుండారు. ఒక్క తూరి ఎత్తి దించేయ్. మానం కాపాడు."

యజమాని మానం కోసం అన్న ఎత్తాడు. తలపైకి ఎత్తినంతసేపూ చప్పట్లు మోగాయి, ఫోటో తీశారు. దించబోతూ మోకాళ్ళమీద కూలబడ్డాడు. వెన్నులో డిస్కు జారింది. ఆ ఫోటో ఇప్పటికీ ఆఫీసు గోడమీద ఉంది. సంతాపసభలో విధిని తలచుకుని కళ్ళు తుడుచుకున్నది ఆ లేబర్ ఆఫీసరే.

తరువాత అన్నను గేటు దగ్గర వాచ్‌మన్‌గా వేశారు. దాన్ని ఉపకారమని పదేపదే చెప్పుకున్నారు. కూతురు పుడితే ఆ బిడ్డను ఎత్తుకునే యోగం కూడా ఆయనకు దక్కలేదు. వదిన పాపను మంచంమీద పడుకోబెట్టేది. ఈయన పక్కనే వెల్లకిలా పడుకుని, పాప తనంతట తాను ఎదమీదికి పాకి వచ్చేదాకా ఎదురు చూసేవాడు.

కొంతకాలానికి ఆ పోటీలకే నన్ను ఎంపిక చేశారు. సరిగ్గా ఆ వారమే నా నడుమూ పట్టేసింది. అదే ఆఫీసరు, అవే మాటలు. కాదనే ధైర్యం లేక కడ్డీ ముందు నిలుచున్నాను. ఎవరు చెప్పారో, అన్న గేటు వదిలి ఖాకీ బట్టలతోనే వచ్చి కడ్డీమీద కాలు పెట్టాడు.

"వీడు ఎత్తడు సార్."

"నువ్వు వాచ్‌మన్‌వి. గేటుకి పో."

"గేటుకే పోతాను. వీణ్ణీ తోడుకొని పోతాను."

నా చెయ్యి పట్టుకుని అందరి ఎదుటా బయటికి నడిపించాడు. మర్నాడు ఆయనకు పని లేదు. ఆ సంగతి సభలో ఎవరికీ జ్ఞాపకం రాలేదు. వదిన ఇంకో మిల్లులో నూలు చుట్టే రీలింగు పనికి చేరింది. అన్న వంగలేక, నిలుచునే ఇంట్లో వంట చేసేవాడు. ఆ ఆఫీసరును తిట్టగా నేనెప్పుడూ వినలేదు. అందుకే ఆ తిట్లన్నీ నాలో మిగిలిపోయాయి.

కడసారి చూడబోయినప్పుడు ఆయన మంచానికే అంటుకుపోయి ఉన్నాడు. పక్క మార్చాలి, కాస్త లేపమని వదిన అడిగింది. నేను వంగాను.

"నడుము వంచొద్దురా" అన్నాడు అన్న, కళ్ళు తెరవకుండానే. "మోకాళ్ళు మడుచు. నన్ను ఎదకి ఆనించుకొని లేపు."

అలాగే లేపాను. చేతుల్లో ఏ బరువూ తెలియలేదు.

"ఇప్పుడు సెరిగా ఉండాది" అన్నాడు.

నా గురువుకు ఇదే నా నమస్కారం. అటువంటి మనిషి ఆ మిల్లుకు మళ్ళీ దొరకడు. దొరకాలని నేను కోరను కూడా.